అమ్మోరు పోసిన చేపలు

నర్సీపట్నంలో మా ఇంట హత్యాయత్నం హాల్లోనే, టీవీ పక్కన, పట్టపగలు జరిగింది. అమ్మా నేనూ కుర్చీలు వేసుకుని మరీ చూశాం.

అద్దాల తొట్టిలో మూడు గోల్డ్ ఫిష్‌లు. పెద్దదంటే అమ్మకు ప్రాణం. కాఫీ కూడా దాని పక్కనే కూర్చుని తాగుతుంది. ఆ వారం చిన్నవి రెండూ దాని వెంటపడ్డాయి. డొక్కలో పొడిచేవి, అద్దానికేసి గుద్దేవి, గులకరాళ్ళ మీదకు నెట్టి కుమ్మేవి. పొలుసులు ఊడి నీళ్ళలో తేలుతుంటే, "భలే యాక్టివ్‌గా ఉన్నాయే" అన్నాను. డిగ్రీలో నాది జువాలజీ. ఫస్ట్ క్లాసు.

చేపకు జబ్బు చేస్తే ముందు చుక్కలొస్తాయని చదివిన గుర్తు. వెతికితే దొరికాయి: కొడుతున్న రెండిటి చెంపల మీదా ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కలు. దెబ్బలు తినేదానికి ఒక్కటీ లేదు. అది రెక్కలు ముడుచుకుని, మేత ముట్టకుండా మూల నక్కితే, మొహమాటం అనుకున్నాను.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని వంగి చూసింది.

"ఒరే, ఆ రెండిటికీ అమ్మోరు పోసినాదిరా!"

"సేపలకి అమ్మోరేటమ్మా? మందు తెచ్చి తొట్టిలో పోస్తాను."

"అమ్మోరికి మందేటి, కళ్ళు పోతాయి. మూలనున్న నా తల్లికీ అంటుకుంటాది. ఆటిని బేగి ఏరే ఎట్టు."

నేనింకా వాదిస్తూనే ఉన్నాను. తొట్టిలో ధన్‌మని చప్పుడు. పెద్దది పక్కకు ఒరిగిపోయింది. తోక సగానికి చీలింది, కడుపు మీద నెత్తురు. ఒరిగినదాన్ని కూడా అవి వదల్లేదు, చెరోవైపు నుంచీ పొడుస్తున్నాయి. అమ్మ పిండి జల్లెడ తెచ్చి రెండిటినీ తోడి, ప్లాస్టిక్ టబ్బులో పడేసి, పెరట్లోని వేపమండ అడ్డంగా పెట్టి దణ్ణం పెట్టింది.

అప్పుడు తీరిగ్గా ఫోన్‌లో చదివాను. ఆ చుక్కలు జబ్బు కాదట. ఎదకొచ్చిన మగచేపలకు చెంపల మీద అలా వస్తాయట. ఆడదాన్ని చచ్చేదాకా తరుముతాయట. నేను కనిపెట్టాల్సింది చుక్కల్ని కాదు, పెద్దది ముడుచుకున్న రెక్కల్ని, మానేసిన మేతని.

సంగతి చెప్పగానే అమ్మ అమ్మోరికి చెంపలేసుకుంది. తర్వాత టబ్బు దగ్గరికెళ్ళి వేపమండ లాగి అవతల పారేసింది.

నాలుగైదు రోజులకు పెద్దది చిరిగిన తోకతోనే పైకొచ్చి, అమ్మ వేళ్ళ మధ్య నుంచి మేత అందుకుంది.

"తేరుకున్నట్టేనమ్మా. ఆటిని మళ్ళీ ఇందులో ఒగ్గేద్దామా?"

అమ్మ తలెత్తలేదు.

"ఒగ్గు. సింతపండు నానబెట్టి ఉంచుతాను, పులుసెట్టీడానికి."