మా బ్యాండుకు మొదటి గిటారిస్టు

తెలంగాణ వచ్చిన కొత్తల నల్లగొండల మేం నలుగురం కలిసి రాక్ బ్యాండు పెట్టినం. నేను డ్రమ్స్ కొట్టేటోన్ని. ఇప్పుడు ఆ బ్యాండు అంటే అందరికీ పాటగాడే యాదికొస్తడు. కానీ ఆ తొలినాళ్లల్ల మా పాటలకు పానం పోసింది మర్రిగూడ నుంచి వచ్చే మా గిటారన్న.

చిన్నప్పటి సంది ఫ్లోరైడు నీళ్లు తాగి ఆయన కాళ్లు వంకర పోయినయ్. మెడ తిరగదు. కుర్చీల కూసుండే వాయించేది. వేళ్లు బిగుసుకపోయి ఉరకకపోయేటియి. అందుకే ఒక్క తీగను పట్టి, మెల్లగ గుంజి, అట్లనే ఆపేటోడు. గొంతు పూడుకపోయిన మనిషి దూరంకెల్లి పిలిచినట్టుండేది. నేను దరువు మరిచి వింటుంటే, "కొట్టు తమ్మీ, నిద్రపోతున్నవా?" అని కసిరేటోడు.

మొదటి వీడియో తీసే నాడు పాటగాడు మొహమాటం లేకుంట చెప్పిండు.

"అన్నా, నువ్వు వాయించు. కెమెరా ముందట హైదరాబాద్ పిలగాడొకడు నిలబడుతడు. నీ కాళ్లు చూస్తే జనం పాట వినరు, అయ్యో పాపం అంటరు."

"శబ్దం నాదే ఉంటదిగా," అన్నడు అన్న.

వీడియోను జనం మస్తు చూసిన్రు. ఆ తర్వాత రామన్నపేటల ప్రోగ్రాం. అన్న గిటారు పట్టుకొని బస్సు దిగి వస్తే, పాటగాడు మెట్ల కాడనే ఆపిండు.

"స్టేజి మీద కుర్చీకి జాగ లేదన్నా."

"నా డ్రమ్స్ జరుపుత," అంటి నేను.

"అయితే నువ్వు గూడ దిగు."

దిగిన. అన్నతోని పోయి జనంల నిలబడ్డ. నా జాగల కంప్యూటర్ దరువు పెట్టిన్రు. అన్న రికార్డు చేసిన గిటారే స్పీకర్లల్ల మోగుతాంది. హైదరాబాద్ పిలగాడు ఊగుకుంట ఉత్తగనే చేతులాడిస్తుండు. జనం ఈలలు. ఎనుకకెల్లి ఎవరో అన్న భుజం తట్టిండు.

"పెద్దమనిషీ, జర జరుగు. గిటారు వాయించేటోడు కనిపిస్తలేడు."

మెడ తిరగదు గదా, అన్న ఒళ్లంత తిప్పుకొని పక్కకు జరిగిండు.

మొన్న మర్రిగూడ పోయిన. అన్న వేళ్లు ఇప్పుడు అసలే ముడుచుకోవు, గిటారు ఎవరికో ఇచ్చేసిండు. ఆయన కోసం స్టేజి దిగినోన్ని గదా, ఒక్క మంచి మాటంటడని లోపల ఆశుండె.

"ఆ రోజు నువ్వెందుకు దిగినవ్?" అన్నడు. "నీ దరువన్న ఉంటే నా పాట జర బతికేది. ఆ మిషన్ తోటి పీనుగ లెక్క చేసిన్రు. నువ్వు ఎవల్ని ఉద్ధరించినవ్?"

కూసోమని అనలే ఆయన. వాకిట్లకెల్లే మర్లి వచ్చేసిన.