మూడు చుక్కల నూనె

సమస్త స్తుతి, ఘనత, మహిమ నా దేవునికే చెల్లును గాక. కొండదారుల్లో నా కాలు జారకుండా కాపాడినవాడు ఆయనే, నేను లోపల దాచుకున్నదాన్ని రోజూ చూస్తూ కూడా ఇన్నేళ్ళు ఓపిక పట్టినవాడూ ఆయనే. ముందుగా ఆయనకు వందనం చెప్పుకుని, ఆ తరువాతే నా వయసువారైన మీతో ఈ సంగతి చెప్పుకుంటున్నాను.

పోయిన నెల ఆదివారం ఆరాధన ముగిశాక, కొండమీది బడికి వెళ్ళే టీచరమ్మ తన కొత్త స్కూటీని మందిరం గుమ్మం ముందు నిలబెట్టింది. మా సంఘంలో ఏ బండి కొన్నా ప్రార్థన చేసి నూనె రాయడం ఆనవాయితీ, ఇప్పుడు సంఘపెద్దను నేనే గనుక సీసా నా చేతికి వచ్చింది. మూత తీసి వంగేసరికి ముందు చక్రం మధ్యలో తళతళలాడుతున్న డిస్కు బ్రేకు పళ్ళెం కనబడింది. నా చేయి అక్కడే ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే ఆడవాళ్ళ మధ్య మా అక్క నిలబడి నా చేతి వైపే చూస్తోంది.

రెండువేల పదమూడు, పద్నాలుగు ప్రాంతాల్లో నేను సాలూరులో ఉండి, పైనున్న కొండగూడేలకు సువార్త పనిమీద తిరిగేవాణ్ణి. అప్పట్లో ఆ గూడేలకు రోడ్డు లేదు, ఎర్రరాళ్ళ కాలిబాట ఒక్కటే ఉండేది, తెల్లవారి బయలుదేరితే ఎండెక్కేసరికి గానీ చేరేవాళ్ళం కాదు. నా అవస్థ చూసి, విజయనగరం నుంచి మా సంఘానికి వచ్చిపోయే డాక్టరుగారొకరు తాను తొక్కడం మానేసిన గేర్ల సైకిలును నాకిచ్చారు. లావుపాటి టైర్లు, ముందు ఫోర్కులో స్ప్రింగులు, రెండు చక్రాలకూ డిస్కు బ్రేకులు ఉన్న ఆ సైకిలును చూడడానికి మా వీధి వీధంతా వచ్చింది. దాన్ని చూసి అందరికంటే ఎక్కువ మురిసినవాడు మా అక్క మొగుడు, మా బావ. లారీల బాడీలు కట్టే షెడ్ల పక్కన ఆయనకు చిన్న సైకిలు షాపు ఉండేది. దేవుడంటే భయం ఉండేదిగానీ మందిరానికి మాత్రం పండుగకొకసారి వచ్చేవాడు, నేను సువార్త పనిలో ఉన్నానని నన్ను ఎగతాళిగా అయ్యగారూ అని పిలిచేవాడు.

సైకిలు తొక్కడం కాదు, సైకిలును చూసుకోవడం నేర్పింది ఆయనే. శనివారం సాయంత్రం షాపు ముందు దాన్ని తలకిందులుగా నిలబెట్టి, బొటనవేలితో టైరు నొక్కి గాలి చూడడం, చక్రం తిప్పి ఒరుసుకుంటోందేమో చెవి పెట్టి వినడం, చక్రాన్ని పట్టి ఉంచే బిగింపు మీట వదులైందేమో చూడడం, గొలుసుకు పట్టిన మట్టిని గుడ్డతో తుడిచి కొద్దిగా నూనె వేయడం, ఇవన్నీ నా చేత చేయించేవాడు. ఒక్క డిస్కు దగ్గర మాత్రం నా చేతిమీద కొట్టేవాడు.

“ఒరే అయ్యగారూ, గొలుసుకి నూనె కావాల. ఈ పళ్ళేనికి మాత్రం నీ యేలు కూడా తగలకూడదు. దీన్ని పట్టి ఆపే ప్యాడ్లు ఒక్కపాలి నూనె తాగేయంటే ఇంక పట్టవు. ఎక్కేటప్పుడు నీ దేముడు సూసుకుంటాడు, దిగేటప్పుడు బ్రేకు సూసుకోవాల. ఇద్దర్నీ నమ్ము.”

ఆ ఏడు కోత పండుగ ఆదివారం నాడు, అందరూ ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి బల్ల ముందు పెడుతుంటే, కొడవళ్ళు, కుట్టుమిషను, తాపీ పనివాళ్ళ సామాను కూడా ప్రార్థనకు పెట్టారు. నా పనిముట్టు నా సైకిలే కదా అని నేను దాన్ని నడిపించుకుంటూ తీసుకెళ్ళాను. అప్పటి సంఘపెద్ద ముసలాయన, చూపు ఆనేది కాదు. తండ్రి పేరట హ్యాండిలు మీద ఒక చుక్క వేశాడు. చక్రం అంటే దాని గుండె మధ్యలోనే ఉంటుందనుకున్నాడేమో, చేత్తో తడుముకుంటూ కుమారుని పేరట ముందు డిస్కు మీద ఒకటి, పరిశుద్ధాత్మ పేరట వెనక డిస్కు మీద ఒకటి వేసి, అరచేత్తో శ్రద్ధగా రుద్దాడు. రుమాలు తీశాను. సంఘమంతా చూస్తుండగా అభిషేకపు నూనెను తుడిచేవాడా సువార్తికుడు అనుకుంటారని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఆ రోజు షాపు వదిలి రాని బావకు చెబితే ఏడాదంతా మా పెద్దాయనను ఆడిపోసుకుంటాడన్న వెరపు కూడా ఉంది. నిజం చెప్పాలంటే, దేవుని పేరట పడిన నూనె కీడు చేయదులే అన్న మాటను నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. దాన్ని విశ్వాసమనుకున్నాను, పిరికితనమని తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఆ సాయంత్రమే చలిజ్వరం వచ్చి మంచం పట్టాను. మూడోనాడు పైగూడెం నుంచి కబురు వచ్చింది, అక్కడ ఇంటింటా జ్వరాలేనని. ఆసుపత్రి నర్సమ్మ మాత్రలు కట్టి ఇచ్చింది, తీసుకెళ్ళేవాళ్ళు లేరు. ఆ దారి సగం దూరం నాతో వచ్చి చూసినవాడు గనుక బావ షాపు మూసి వచ్చి, సైకిలు తానే అట్టుకెళ్తానన్నాడు. నా మంచం పక్కనే టైర్లు నొక్కాడు, బ్రేకు మీటలు పట్టి చూశాడు. మీటలు గట్టిగానే ఉన్నాయి, నూనె తాగిన బ్రేకు నిలబడి ఉన్నప్పుడు బయటపడదు, చక్రం తిరుగుతున్నప్పుడే బయటపడుతుంది.

“డిస్కుకి ఏటీ తగల్లేదు గదా?” అని అడిగాడు.

“లేదు బావా, బాగానే ఉన్నాది,” అన్నాను.

ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు క్షణం కూడా పట్టలేదు. వాకిట్లోంచి మా అక్క, “బేగి వచ్చీ, అన్నం, సారు సల్లారిపోద్ది,” అని కేక వేసింది. “నీ సారు ఎప్పుడు ఏడిగా ఉన్నాది కనక!” అని నవ్వుతూ వెళ్ళిపోయాడు. మా అక్క విన్న ఆయన ఆఖరి మాట అదే.

ఎక్కేటప్పుడు చాలా మటుకు నడిపించుకుంటూ వెళ్ళాలి, బ్రేకుతో పని ఉండదు. మాత్రలు చేరాయి, గూడెంలో పంచారు, పిల్లలు బతికారు. దిగేటప్పుడు మూడో మలుపు దగ్గర సైకిలు దారి తప్పి బండల్లోకి పోయింది. గూడెంవాళ్ళు దుప్పటిని కర్రకు కట్టి డోలీలో మోసుకొస్తుంటే, రోడ్డు కనబడే చోటికి వచ్చేసరికి ప్రాణం పోయిందట. వాకిట్లో దింపినప్పుడు అందరూ ఆయన ముఖం చూస్తున్నారు, నేను మాత్రం కాళ్ళ వైపు చూశాను. చెప్పులు కాళ్ళకే ఉన్నాయి. రెండు చెప్పులకూ మడమల దగ్గర రబ్బరు అరిగి, కింద చర్మం చీరుకుపోయి ఉంది. కాళ్ళు నేలకు తన్ని ఆపాలని చూశాడు.

మర్నాడు సమాధి కార్యక్రమానికి ముందు, జ్వరంతోనే లేచి, పెరట్లో పడేసిన ఆ సైకిలు చక్రం తిప్పి బ్రేకు పట్టాను. చక్రం తాపీగా తిరుగుతూనే ఉంది. ప్యాడ్లు ఊడదీసి కాలువలో పారేశాను. ఆ చేతులతోనే వాక్యగ్రంథం పట్టుకుని సమాధి దగ్గర నిలబడి, ఇది దేవుని చిత్తమని చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. నా అబద్ధానికి ఆయన పేరు పెట్టి అందరి చేతా ఆమేన్ అనిపించిన ఆ పూటను తలుచుకుంటే, బావ చావుకన్నా అదే నన్ను ఎక్కువ నలిపింది. ఆ తరువాత మా అక్క షాపు అమ్మేసి, మిషను కుట్టి బతికింది, ప్రతి ఆదివారం మా తమ్ముణ్ణి కాపాడు తండ్రీ అని పైకి ప్రార్థన చేసేది. నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి.

పోయిన నెల ఆ సీసాకు మూత పెట్టేసి, టీచరమ్మ స్కూటీ పక్కనే నిలబడి, సంఘం ముందు ఇదంతా చెప్పాను. జనం ఒక్కొక్కరే పక్కకు తప్పుకుంటే మా అక్క దగ్గరకు వచ్చింది.

“ఆ సెప్పులు నా ట్రంకుపెట్టిలోనే ఉన్నాయిరా,” అంది. “సైకిలు షాపోడి పెళ్ళాన్ని, మడమలు సూస్తే బ్రేకు పట్టనేదని తెలీదేటి? ఆ పూట నువ్వు ఏటీ తగల్లేదన్నదీ వాకిట్లోంచి ఇన్నాను. ఎప్పుడు సెప్తావా అని సూస్తన్నాను.”

ఆమె స్కూటీ వైపు చూసి, “దీనికి నూనె తగల్నీలేదు గదా?” అని అడిగింది.

“లేదక్కా,” అన్నాను.

ఈసారి అది నిజం. అయినా మా అక్క మోకాళ్ళ మీద కూర్చుని, పమిట చెంగుతో ఆ పళ్ళేన్ని రెండు వైపులా తుడిచి, చెంగును ఎండకు పట్టి చాలాసేపు చూసుకుని, అప్పుడు లేచింది.

ఇప్పుడా గూడెం దాకా తారురోడ్డు పడింది, ఆటోలు పోతున్నాయి, ఆ ఎర్రరాళ్ళ బాట మీద తుప్పలు మొలిచాయి. బావ షాపు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. శనివారం సాయంత్రాలు బండిని తలకిందులుగా పెట్టి చక్రం చప్పుడు చెవి ఒగ్గి వినేవాళ్ళు ఎవరూ కనబడరు. అక్కాతమ్ముళ్ళం ఇప్పటికీ ఒకే మందిరానికి వెళ్తున్నాం. నేను చెప్పిన మాటను ఆమె ఇంకా చెంగుతో తుడిచి చూసుకుంటోంది, ఆమెకా హక్కు ఉంది. నా మాట మీద మా అక్కకు మళ్ళీ నమ్మకం కలిగే ఒక్క రోజు నా ఆయుష్షులో మిగిల్చమని నేను దేవుణ్ణి వేడుకుంటున్నాను. చదువుతున్న మీరు కూడా ఈ పూట ఒక్క నిమిషం తలవంచి, మా అక్క పక్కన నిలబడి, నాతో కలిసి ప్రార్థించండి.