తేదీ మారిన సినిమా

బుధవారం మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు లండన్ శివారు హారోలోని మల్టీప్లెక్స్‌లో దీపాలు ఆరాయి. మా ఆయన టోపీ తీయకుండా, కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని కూర్చున్నారు. వైద్యం వల్ల జుట్టంతా పోయింది. ఆ సినిమా కోసం ఆయన ఏడాదిన్నరగా ఎదురుచూస్తున్నారు.

ఆయనది ఒంగోలు. అమెరికా వాళ్ల భారీ సినిమాలు తెలుగు మాటలతో అక్కడి హాళ్లకు వచ్చేవి. వాటిని మొదటి రోజే చూసేవారట. ఇక్కడికి వచ్చి, రీడింగ్ అనే ఊళ్లో ఒక ఆఫీసులో ఇరవై ఏళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆ అలవాటు పోలేదు. ఇక్కడ అవే సినిమాలు ఇంగ్లీషులో చూస్తూ నా చెవిలో తెలుగు చెప్పేవారు. తెర మీద వేరే గ్రహం రాజు గంభీరంగా ఏదో అంటాడు. నా పక్కనుంచి, "ఒరేయ్, ఇవాళ నీకు మూడిందిరా" అని వినపడుతుంది. నేను పుస్తకాలు చదువుకునే మనిషిని. ఆ సినిమాలంటే నాకు చిన్నచూపు ఉండేది. చెవిలో ఆ మాటల కోసం వెళ్లేదాన్ని.

పెళ్లైన కొత్తలో ఒకసారి, హీరో కనిపించగానే ఆయన ఈల వేశారు. హాలంతా నిశ్శబ్దం. ముందు వరసలో ఉన్న పెద్దాయన వెనక్కి తిరిగి, "ఆర్ యూ ఆల్ రైట్, మేట్?" అని నిజంగానే కంగారుగా అడిగాడు.

"హీరో వచ్చాడండీ," అన్నారు ఈయన ఇంగ్లీషులో, సంజాయిషీ చెప్పుకుంటున్నట్టు.

పెద్దాయన తెర వైపు చూసి, కాస్త ఆలోచించి, "సో హీ హాజ్," అన్నాడు, నిజమే, వచ్చాడన్నట్టు.

ఒకప్పుడు అమెరికాలో సినిమా ముందు పెద్ద ఊళ్లలో ఆడి, నెలల తరబడి మెల్లగా చిన్న ఊళ్లకు చేరేదని ఆయనే చెప్పారు. తర్వాత దేశమంతా ఒకే రోజు విడుదల చేయడం, అంతకు ముందు టీవీలో హోరెత్తించడం, వేసవిని అందుకోసమే అట్టే పెట్టుకోవడం నేర్చుకున్నారు. ఆ పైన ఒకే కథను భాగాలు చేసి, ఏళ్ల ముందే తేదీలు ప్రకటించడం. "పెళ్లికూతురు దొరక్కముందే ముహూర్తం పెట్టేస్తారు వీళ్లు," అని నవ్వేవారు. నవ్వుతూనే తేదీలు రాసుకునేవారు. కొన్ని సినిమాలు అమెరికా కంటే ఒకటి రెండు రోజుల ముందే ఇక్కడికి వచ్చేవి. అది తన సొంత విజయమైనట్టు ఆఫీసులో చెప్పుకునేవారు.

పదేళ్లుగా చూస్తున్న ఒక కథకు ఆఖరి భాగం మే నెలలో రావాలి. ఫిబ్రవరిలో జబ్బు బయటపడింది. వేసవి వరకు పరవాలేదని, ఆ తర్వాత చెప్పలేమని డాక్టరు అన్నారు. ఏప్రిల్‌లో సినిమా వాళ్లు తేదీని నవంబరుకు మార్చారు.

"నవంబరా?" అన్నారు ఫోన్ చూసి.

మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది. "ఇట్స్ ఓన్లీ ఎ ఫిల్మ్, నాన్నా," అంది.

"అవునమ్మా, సినిమానే," అన్నారు. ఆ వేసవంతా ఒక్క పూట కూడా మందు తప్పలేదు.

నవంబరు వచ్చింది. ఆయనా ఉన్నారు. తీరా చూస్తే ఆసుపత్రికి వెళ్లాల్సింది సరిగ్గా సినిమా విడుదలయ్యే బుధవారమే.

"మార్చమని అడగనా?" అన్నాను.

"వద్దులే. సినిమా కోసమంటే ఏమనుకుంటారు?"

ఆయన ఎవరినీ ఏదీ అడిగే మనిషి కాదు. ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నేనే వార్డుకు ఫోన్ చేశాను. కారణం దాచలేదు. నర్సు సినిమా పేరు అడిగి, డ్యూటీల పట్టిక చూసి, శుక్రవారం ఉదయానికి మార్చింది. "నేను ఆదివారం వెళ్తున్నాను. కథ చెప్పారంటే ఊరుకోను," అంది. ఇప్పటికీ ఆమెను తలుచుకోని వారం లేదు.

సినిమా మొదలైన గంటకు ఆయన నిద్రపోయారు. లేపాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేకపోయాను. చివరికి లేపలేదు. ఆయన బదులు నేను చూశాను. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఏ ఆయుధం ఎవరి దగ్గరుందో గుర్తుపెట్టుకుంటూ చూశాను. అంత శ్రద్ధగా నేను ఏ సినిమా చూడలేదు.

"ఎంతసేపు పడుకున్నాను?" అన్నారు మెలకువ వచ్చాక.

"నలభై నిమిషాలు."

"లేపచ్చుగా!"

"నేను చూశానుగా. చెప్తాను, వినండి."

ఆయన తల నా వైపు వంచారు. జరిగినదంతా చెవిలో చెప్పాను. "వాడు తమ్ముడు కాదే, బావమరిది," అని నిద్రపోయిన మనిషే నన్ను దిద్దారు.

చివర్లో హీరో చనిపోయాడు. వెనక ఎవరో ముక్కు చీదారు.

"పోయాడా?"

"పోయాడండీ."

"మళ్లీ తెస్తార్లే. వీళ్లు వదలరు."

పేర్లన్నీ అయ్యేదాకా కూర్చున్నాం. చాలా పేర్లు. అది గొప్ప సినిమా అని నేను అనను. కానీ అంతమంది కలిసి, ఇంకోసారి తేదీ మార్చకుండా పని ముగించారు. అందుకు వాళ్లకు నా కృతజ్ఞత.

ఆయన జనవరిలో పోయారు. నేనూ అమ్మాయీ అప్పుడప్పుడు సినిమాకు వెళ్తాం, విడుదలై రెండు మూడు వారాలయ్యాక. మొదటి రోజు వెళ్లడం మానేశాం.