అమ్మ తుడిచిన గాజుపలక

మా అమ్మకు దుమ్ముతో వైరం పెళ్లితో వచ్చింది. కిష్టారం పక్క పల్లె నుంచి ఇనుప గని కాలనీకి కాపురానికొచ్చిన రోజు నుంచి కొండ మీది ఎర్రధూళి గిన్నెల్లోకి, పక్కబట్టల్లోకి, చివరికి నాన్న దగ్గులోకి చేరింది. బయటి నుంచి ఏది తెచ్చినా అమ్మ తడికొంగుతో తుడవనిదే ఇంట్లో పెట్టనిచ్చేది కాదు.

అలాంటి ఇంట పుట్టి, నేను ప్రయోగశాలలో ధూళిని పట్టుకునే పనిలో చేరాను. వెంట్రుక మందంలో వందల కొద్దీ పట్టేంత చిన్న బంగారు రేణువులు నీటిచుక్కలో తిరుగుతుంటాయి. లేజర్ కిరణం ఒక్కో రేణువును నెట్టి, మనం అనుకున్న చోటే గాజుకు ఆనిస్తుంది. ఆనిందంటే అంటుకుపోతుంది. బరువే లేదనుకున్న వెలుగు ఒక వస్తువును తోయడం మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

దంతెవాడ కాలేజీ పిల్లలకు చూపిద్దామని, అలా వారాల తరబడి రేణువులు పేర్చి చేసిన ఒకే ఒక్క గాజుపలకను ఇంటికి తెచ్చాను. స్నానం చేసి వచ్చేసరికి అమ్మ దాన్ని తుడిచేసింది.

"ఏందే, ఖాళీ అద్దమే గదా. దుమ్ము పట్టిందని తుడిచిన."

అనకూడని మాటలన్నీ అన్నాను. నేను ఆ పలకతోనే జీపెక్కితే తనూ వచ్చి పక్కన కూర్చుంది. ఏమీ మిగలకపోతే అంతమంది పిల్లల ముందు ఏం చూపించాలా అని దారంతా ఆలోచించాను.

కాలేజీలో కిటికీలు మూయించి, పలక మీద పక్కనుంచి దీపం వేసి, మైక్రోస్కోప్‌కు కన్ను ఆనించాను. నల్లటి చీకట్లో ఆకుపచ్చ చుక్కలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్యగా సన్నటి ఖాళీ బాట ఒకటి. అమ్మ కొంగులోని ఏదో పోగు గీసుకుపోయిన దారి అది. ప్రాణం లేచొచ్చింది. అందరికంటే ముందు అమ్మనే పిలిచాను.

చాలాసేపు చూసింది. వీటిని ఇక్కడ పెట్టింది నిజంగా వెలుగేనా అని రెండుసార్లు అడిగింది. అవునన్నాను. తల ఎత్తకుండానే ఇంకో మాట అడిగింది.

"మీ నాయన రొమ్ముల కూసున్నదాన్ని గూడ లేపుతదా బిడ్డా, ఈ వెలుగు?"

ఇంకా అంత దూరం రాలేదమ్మా అన్నాను. సరేనని మళ్లీ కన్ను ఆనించింది. వెనక పిల్లలు వరసలో నిలబడి ఉన్నారు. ఆమెను ఎవరినీ తొందరపెట్టనివ్వలేదు నేను.