అత్త ట్యాంకు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇప్పటికీ లేదు. ఇది చదివి తాయెత్తు కట్టించుకోమని నాకెవరూ సలహా ఇవ్వొద్దు.

మాది డోన్. రోజూ రైల్లో కర్నూలు పోయి ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. పాపను బడి నుంచి తెచ్చి, నేను వచ్చేదాకా చూసుకున్నది మా అత్త.

మా ఇంట్లో పాత టీవీ గేమ్ డబ్బా ఒకటి ఉంది. మా ఆయన చిన్నప్పుడు, బజార్లో ఆటల షాపుల చుట్టూ తిరిగి చెడిపోతాడని అత్తే కొనిచ్చింది. పెద్ద కంపెనీల డబ్బాలు అప్పట్లో మా ఊళ్లకు రాలేదు. చైనా నకలే మాకు అసలు. క్యాసెట్ మీద వేల ఆటలని రాసుంటుంది. లోపల ఉండేవి గుప్పెడు, అవే మళ్లీ మళ్లీ వస్తాయి. అయితేనేం? ఎన్ని కొత్త ఫోన్లు వచ్చినా, ఆదివారం అన్నాలయ్యాక నేనూ అత్తా దాంట్లోనే ట్యాంకుల ఆట ఆడేవాళ్లం.

ఆ ఆటలో కింద ఇటుక గోడల మధ్య గద్ద బొమ్మ ఉంటుంది. దాన్ని శత్రువు కొడితే ఆట అయిపోయినట్టే. అత్త దాన్ని ఇల్లు అనేది. తన ట్యాంకును ఆ గోడకు సరిగ్గా పైన నిలబెట్టి కదిలేది కాదు.

"నువ్వు పోమ్మా, నేనీడ ఇల్లు చూసుకుంటా" అనేది.

పోయినేడు ఎండాకాలంలో అత్త చనిపోయింది. పెద్దకర్మ కాగానే మా ఆయన, "ఇంగ పాపను ఎవురు చూస్తారు? ఉద్యోగం మానుకో" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఏడుపూ వచ్చింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం కోపం కొద్దీ డబ్బా ముందు కూర్చున్నాను. అలవాటుగా ఇద్దరి ఆట నొక్కాను. అత్త మంచాన పడ్డప్పుడే రెండో రిమోట్ వైరు ఎలుకలు కొరికేస్తే, మా ఆయనే పీకి పారేశాడు. దాన్ని గుచ్చే చోటు ఖాళీగానే ఉంది. పాప పక్కన నిద్రపోతోంది.

రెండో ట్యాంకు కదిలింది. మొదలైన చోటు వదిలి, మెల్లగా పోయి గోడకు పైన నిలబడింది. అక్కణ్నుంచి పైకి కాల్చడం మొదలుపెట్టింది. తిరిగి చూస్తే గడపలో మా ఆయన, మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఆ డబ్బా బయట పారెయ్. రేపే దర్గాకు పోయి తాయెత్తు తెస్తా" అన్నాడు.

"పారేసేది లేదు. మీ అమ్మకు భయపడతాండావా?" అన్నాను.

మర్నాడు పొద్దున రైలెక్కాను.

తర్వాత డబ్బాను మెకానిక్కు చూపించాను. "తేమకు షార్టయ్యింటాదిలేమ్మా" అన్నాడు. డోన్‌లో, అదీ ఎండాకాలంలో, తేమ! సరే, షార్టయితే ట్యాంకు కదలొచ్చు. ఎక్కడ ఆగాలో దానికెట్లా తెలిసింది? ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆడి చూశాను, అది మళ్లీ కదల్లేదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలీదు. తెలియనిదానికి దయ్యమని పేరు పెట్టడానికి మాత్రం నేను ఒప్పుకోను.

సాయంత్రాలు ఇప్పుడు మా ఆయనే తన అంగడి మూసి పాపను తెస్తున్నాడు. పొద్దున నేను చెప్పులేసుకుంటుంటే, టీవీ కింద ఉన్న డబ్బా వైపు ఓరగా చూసి అంటాడు:

"నువ్వు పో. ఇల్లు నేను చూసుకుంటా."