ఐతారం నాటి ఊరి లెక్క

మా ఊరి అంగడి ఐతారం సాగేది. మోత్కూరు వైపు పల్లెల నుంచి జొన్నలు, మిరపకాయలు, మేకలు, గాజులు అన్నీ ఆ ఒక్కరోజే వచ్చి కుప్పలు పడేవి. మా బాపు మాత్రం ఆ రోజు అంగడిలో కూర్చునేవాడు కాదు. ఆయనది తోలుపని. చెప్పులు కుట్టేవాడు, బావుల్లోంచి నీళ్ళు తోడే మోటలకు తోలు తొండాలు కట్టేవాడు. మా క్రైస్తవ సంఘానికి పెద్ద కూడా ఆయనే. ఐతారం ప్రభువు దినం కాబట్టి తోలు కుట్టే ఆరె ముట్టకూడదన్నది ఆయన నియమం. మా వాడలో ప్రార్థనకు వచ్చే ఇండ్లన్నీ అదే మాట మీద నిలబడ్డాయి. చెప్పులు కావలసినవాళ్ళు సోమారం ఇంటికే వచ్చేవాళ్ళు.

అరవైల మొదట్లో సర్కారు ఏ ఊళ్ళో ఏ పని, ఏ వ్యాపారం నడుస్తుందో విడివిడిగా రాయించడం మొదలుపెట్టింది. అప్పటికి నేను మిషను బడిలో పంతులమ్మను. నాకు ఆ పని నచ్చింది. జిల్లా మొత్తం కలిపి చెబితే అందులో మా వాడ ఎక్కడా కనపడదు. ఊరు ఊరుకు విడదీస్తేనే మేము ఉన్నామని తెలుస్తుంది. మంచి కాపరి మందను చూసి ఊరుకోడని, ఒక్కొక్క గొర్రెను ఎరుగుతాడని మా పాస్టరయ్య చెప్పిన మాట నాకు చాలా ఇష్టం. ఆ లెక్కలో నాకు ఆ చూపే కనిపించింది.

రాసే గుమాస్తా అంగడి రోజే వచ్చాడు. అమ్మేవాళ్ళంతా ఒకచోట దొరుకుతారు, తిరిగే బాధ తప్పుతుందని అనుకున్నాడు. కూర్చున్నవాళ్ళందరినీ రాసుకొని పోయాడు. ఆ పొద్దు మేము మా ప్రార్థన గుడిలో పాటలు పాడుతున్నాం. అట్లా మా ఊళ్ళో తోలుపనే లేదని తేలింది.

ఈ సంగతి పట్వారీ చెప్పాడు. చుట్టుపక్కల ఏదో ఒక ఊళ్ళో తోలుపనివాళ్ళకు సొసైటీ పెడతారట. పచ్చితోళ్ళు, వాటిని నానబెట్టే తంగేడు చెక్క అక్కడే దొరుకుతాయి, కుట్టిన సరుకూ అక్కడే అమ్ముకోవచ్చు. ఆ ఊరు ఏదో ఈ లెక్క చూసే తేలుస్తారట. బాపు అప్పటికి తోళ్ళ కోసం ఎంతో దూరం నడిచి, నెత్తిన మోసుకొని వచ్చేవాడు. ఆయన మోకాళ్ళు ఇంక ఆ నడకకు ఓర్చేటట్టు లేవు. సొసైటీ పక్క ఊరికి పోతే పని మానుకోవలసిందే.

బాపు పంచాయతీ సమితి ఆఫీసుకు పోయి మమ్మల్ని కూడా రాసుకొమ్మని అడిగాడు. గుమాస్తా మంచిగానే చెప్పాడట. "వచ్చే ఐతారం పెద్దసారు తనిఖీకి వస్తడు. నాలుగు జతల చెప్పులు ముంగట పెట్టుకొని అంగడ్ల కూసో. ఒక్క దినమే గదా!"

ఆ రాత్రి అన్నం దగ్గర అమ్మ ఊరుకోలేదు.

"దేవుడు వారానికి ఒక్క దినమే అడిగిండు. సర్కారుకు గూడ గా దినమే కావాల్నా?"

"ఇద్దరూ అడిగితే ముందుగాల అడిగినాయనకే ఇయ్యాలె," అన్నాడు బాపు.

"ఇయ్యి. మోకాళ్ళు నొస్తున్నయని నా తాన మూల్గకు మరి."

బాపు నవ్వాడు కానీ మాట మార్చలేదు. నేనూ ఆయన దిక్కే మాట్లాడాను. ఒక్కసారి సడలించిన నియమం రెండోసారి తానే సడలుతుందని నాకు తెలుసు.

ఆ ఐతారం మా గుడిలో కోతపండుగ. ఎవరి పంటలో మొదటిది వాళ్ళు తెచ్చి కానుకగా పెడతారు. ప్రార్థన అయ్యాక వాటిని వేలం వేస్తారు. పాడుకున్నవాడు చాలాసార్లు ఆ వస్తువును మళ్ళీ కానుకగా ఇచ్చేస్తాడు, అది మళ్ళీ వేలానికి వస్తుంది. వేలం పాడించేది బాపే. ఒక గుమ్మడికాయ మూడోసారి ఆయన చేతికి వచ్చినప్పుడు వాకిట్లో కోటు వేసుకున్న మనిషి కనిపించాడు. ఆయనే పెద్దసారు.

అంగడిలో ఆయన రైతులను మోట తొండాలు ఎక్కడ కొంటారని అడిగాడట. బట్టలమ్మే ముసలి సాయిబు, "వాళ్ళు ఇయ్యాల గుడిల ఉంటరు సాబ్. శుక్రారం జుమ్మా నమాజుకు నేను దుకాణం మూస్తలేనా? గట్లనే వాళ్ళు ఐతారం మూస్తరు," అని దారి చూపించాడట.

"అంగడి అక్కడుంటే ఇక్కడ ఈ వేలమేంది? ఇదేం దుకాణం?" అన్నాడు సారు.

"దుకాణం కాదు సారూ, కానుకలు," అన్నాడు బాపు.

"ఒక్క కాయను మూడుమార్లు అమ్ముతున్నరు! నేనేమని రాసుకోవాలె?"

"కాయ ఒక్కటే అని రాసుకో సారూ," అంది అమ్మ. గుడంతా నవ్వింది. సారు కూడా నవ్వాడు.

వేలం అయ్యాక బాపు ఆయనను మా పెరట్లోకి తీసుకుపోయాడు. తొట్లు, కొలతలకు కోసిన తోలు, కుట్టి పెట్టిన తొండం అన్నీ చూపించాడు. సారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"జర కుట్టి చూపెట్టు. పని నడుస్తుంటే చూడాలె, చూసిందే రాయాలె."

"రేపు కుడుత సారూ."

"రేపు నేనుండను. బస్సుకు పోవాలె."

బాపు చేతులు కట్టుకొని నిలబడ్డాడు. అమ్మ నా దిక్కు చూసింది. నేను తొట్టి మూత తీసి, "సారూ, తంగేడు నీళ్ళల్ల తోలు నానుతనే ఉంది. పని ఆగిందని ఎట్ల అంటరు?" అన్నాను.

సారు తొంగి చూసి, చప్పున వెనక్కి జరిగి, "తోలుకు ఐతారం లేదన్నమాట!" అన్నాడు. తరవాత వాడంతా తిరిగాడు. కుట్టే మగవాళ్ళతో పాటు చెక్క దంచే ఆడవాళ్ళను కూడా రాసుకున్నాడు.

సొసైటీ మా ఊరికే వచ్చింది. దేవుడు మమ్మల్ని నిలబెట్టాడని ఇప్పటికీ నిండు మనసుతో చెబుతాను. ఐతే సొసైటీ తాళంచెవి బాపు చేతికి ఇచ్చిన రోజే ఇంకో చిక్కు వచ్చింది. మా వాడలో ఒక ఇంటివాళ్ళు ప్రార్థనకు రారు. వాళ్ళు కొలిచేది ఎల్లమ్మను. అంతదాకా వాళ్ళు కూలికి తోళ్ళు నానబెట్టేవాళ్ళే, అంగడిలో ఏనాడూ కూర్చోలేదు; ఇప్పుడు సొసైటీలో అమ్ముకోవాలని ఆశపడ్డారు. అంగడి రోజు సొసైటీ మూస్తే మేమెట్ల బతకాలని వాళ్ళ ముసలవ్వ అడిగింది. సంఘంలో కొందరు మూయాల్సిందేనన్నారు.

"ఆ దినం నేను నా దేవునికి ఇచ్చిన. వాళ్ళ దినం నేనెట్ల ఇస్త?" అన్నాడు బాపు.

అప్పటి నుంచి శనివారం పొద్దుగూకగానే ఆయన చేతులు కడుక్కొని, తాళంచెవి వాళ్ళ ఇంట్లో ఇచ్చి వచ్చేవాడు. సోమారం తెల్లవారగానే అవ్వ మా గడప ముందు నిలబడి పిలిచేది.

"పెద్దయ్యా, మీ దేవుని దినం అయిపోయిందా?"

"అయింది అవ్వా. యాపారం ఎట్లయింది?"

"మంచిగనే అయింది. తొండం కోసం ఇప్పుడే ఇద్దరు రైతులొచ్చిండ్రు. నీ చేతిదే కావాల్నట. జల్ది రా, సొసైటీల కూసోబెట్టి వచ్చిన."