మోషే అడిగిన కార్డు

ప్రిస్కిల్లా లెక్క తప్పలేదు. తప్పి ఉంటే ఎంత బాగుండునోనని ఇప్పటికీ అనుకుంటుంది.

వాళ్ల నాయిన మోషే ముప్పై ఏళ్లు కోఠీలో చీరలు అమ్మిన మనిషి. తెల్లటి పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "జర చూడుండ్రి, కొనకున్నా మంచిదే" అంటూ చీర మీద చీర విప్పేవాడు. ఊరికే చూసిపోదామని వచ్చినవాళ్లు రెండు కొని, ఆయన్ని పెళ్లికి కూడా పిలిచి పోయేవాళ్లు. అట్లాంటి నోరు ఆయనది.

సైబర్ టవర్స్ లేచిన మరుసటేడు ఆ కోఠీ షాపు సేటు మాదాపూర్‌లో కొత్త షోరూమ్ తెరిచాడు. దానికో కార్డు పెట్టాడు. ఇవాళ బట్టలు తీసుకుపోవచ్చు, డబ్బులు వచ్చే నెల కట్టొచ్చు. మోషేను కోఠీ నుంచి తెచ్చి అక్కడ పెళ్లి చీరల గద్దె మీద కూర్చోబెట్టాడు. ఊరికే కాదు, ప్రిస్కిల్లా ఉద్యోగం సైబర్ టవర్స్‌లోనే మరి; ఆమె ఆఫీసువాళ్లతో కార్డులు తీయిస్తాడని సేటు ఆశ.

ఓ రోజు అన్నం తింటూ మోషే ఆ కార్డు సంగతి ఎత్తాడు. "నువ్వొకటి తీసుకో బిడ్డా. మీ ఆఫీసోళ్లకు గూడ చెప్పు."

ఆమెకు అప్పుడే బ్యాంకు కార్డు వచ్చింది, కొన్నదానికల్లా పాయింట్లు పడే కార్డు. ఆ పాయింట్లకు ఇచ్చే బహుమతుల పుస్తకం తలగడ కింద పెట్టుకు పడుకునే రోజులవి. నవ్వి, తండ్రికి పాఠం చెప్పింది.

"మీ కార్డు మీ షాపు గడప దాటితే చెల్లదు నాయినా. ఇది బట్టలకు చెల్లుతది, మందులకు చెల్లుతది. పైంగ పాయింట్లు. మీ సేటు ఏమిస్తడు?"

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మోషే కూడా "నిజమే" అని చారు పోసుకున్నాడు. ఈమె ఊరుకుందా? ఆఫీసులో అందరికీ పనిగట్టుకుని బ్యాంకు కార్డు గొప్పలే చెప్పింది.

పాయింట్లు కూడాయి. వాటితో నాయినకు చేతి గడియారం తెప్పించింది. ఇంట్లో ఇస్తే ఏం బాగుంటుంది, నలుగురిలో ఇద్దామని షోరూమ్‌కే పోయింది.

పెళ్లి చీరల గద్దె మీద ఇంకెవరో ఉన్నారు. కోఠీ నాటి నుంచి మోషేతో పనిచేస్తున్న సాయిలు ఆమెను పక్కకు పిలిచాడు.

"మీ నాయిన కింద గోదాంల ఉన్నడు బిడ్డా. సొంత కూతురితోని కార్డు తీయించలేనోడు ఊరోళ్లతోని ఏం తీయిస్తడని సేటు అందరి ముందట అన్నడు. ఆర్నెల్లాయె. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. రోజూ అదే ఇస్త్రీ చొక్కా వేసుకుని, చీరల గద్దె మీద కూర్చోవడానికే పోతున్నట్టు పోయేవాడు.

గోదాంలో మోషే బట్టల మూటల తాళ్లు కోస్తున్నాడు. కూతుర్ని చూసి గబగబా దుమ్ము దులుపుకున్నాడు.

"ఇప్పుడు తీసుకుంట నాయినా ఆ కార్డు. మా వాళ్లందరితోని తీయిస్త," అంది.

"అది బందు చేసిండ్రు బిడ్డా. ఎవ్వలూ తీసుకోలే." గడియారం చేతికి పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వాడు. "నువ్వు చెప్పిందే నిజమాయె. గంత పెద్ద సేటుకు తెల్వలేదు గానీ, నా బిడ్డకు ముందే తెలిసింది."

ఆయన నాలుగు తిట్టి ఉంటే ఆమెకు అంత ఏడుపు వచ్చేది కాదు.